నలభయ్యో పేరు

మొగలిపాడు బడి ఎవరిదని అడిగితే పల్లెలో ఏ పిల్లవాణ్ణి కదిపినా ఎలీయాజరు మేష్టారిదనే చెప్పేవాడు. స్థలం భూస్వామి నరసరాజుగారిది, కలప మిషను స్వాములవారిది, కాగితం మీద ముద్ర సర్కారుది. అయినా బడి మాత్రం ఎలీయాజరుదే. ఆ మాటలో అబద్ధం లేదు. అబద్ధం వేరే చోట ఉంది. అది చెప్పడానికే ఈ కథ.

గణపవరం దాటి దక్షిణంగా నడిస్తే వరిచేలు పలచబడి, నేల మెత్తబడి, రెల్లు మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఇక కొల్లేరే. ఆ అంచున అరవై గడపల పల్లె మొగలిపాడు. తాతల నాడే జ్ఞానస్నానం పుచ్చుకున్న కుటుంబాలు. మగవాళ్ళు రాజుల చేలల్లో పాలేర్లు, ఆడవాళ్ళు ఊడ్పులకూ కోతలకూ కూలీలు, పిల్లలు బాతుల వెనక. నడక వచ్చిన దగ్గర్నుంచీ చేతికో వెదురుకర్ర ఇచ్చి బాతుల మంద వెంట తోలేసేవారు. అక్షరం ముక్క వచ్చినవాడు పల్లె మొత్తానికి ఒక్కడు లేడు.

ముప్పై ఒకటో సంవత్సరం జూన్‌లో ఎలీయాజరు ఆ పల్లెకు వచ్చాడు. ఏలూరులో ట్రైనింగు అయినవాడు. పొద్దున బడిపంతులు, సాయంత్రం జపమాల చెప్పించే ఉపదేశి, రెండూ ఆయనే. వెంట భార్య రూతమ్మ. పిల్లలు లేరు. గుడి అని పిలిచే తాటాకు పాకలోనే ఏడుగురితో బడి మొదలుపెట్టాడు. ఆ ఏడుగురిలో ముగ్గురు రూతమ్మ పంచే మరమరాల కోసం వచ్చినవాళ్ళు.

ఆ రెండేళ్ళు ఆయన కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. తెల్లవారకుండానే గడప గడపకూ వెళ్ళి, 'ఏవమ్మా, పిల్లాణ్ణి పంపండి' అని బతిమాలేవాడు. తిట్టినవాళ్ళున్నారు, తలుపు మూసుకున్నవాళ్ళున్నారు. 'బాతులు మీరు కాస్తారేంటండి?' అని ఎగతాళి చేసిన ఒకామెతో, 'ఒక పూట నేనే కాస్తాను, నీ కూతుర్ని పంపు' అని నిజంగానే కర్ర పుచ్చుకుని మడుగులో దిగాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. మర్నాడు ఆ కూతురు బడికొచ్చింది. అలా ఒక్కొక్కరే పోగై ఏడుగురు ఇరవై, ఇరవై ముప్పై అయ్యారు.

అలా వచ్చినవాళ్ళలో తోమా ఒకడు. వాడి తల్లి సూరమ్మ. మొగుడు పాము కరిచి పోయాక, చంకలో నెలల పిల్లతో తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ధాన్యం ఎండబోసే పనికి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజున తోమాను రెక్క పట్టుకుని తీసుకొచ్చి ఎలీయాజరు ముందు నిలబెట్టింది.

"మా అన్నయ్య సీమోను దగ్గర ఉంటాడండి. అన్నం వాళ్ళింట్లో, చదువు మీ దగ్గర. వీణ్ణి మీ చేతుల్లో పెట్టి పోతున్నానండి మేష్టారండీ. బాతుల వెనక మాత్రం పోనివ్వకండి."

"నాకు అప్పగించావుగా, ఇక నిశ్చింతగా ఉండమ్మా" అన్నాడు ఎలీయాజరు.

ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే అసలు బాధ.

తోమాకు ఎనిమిదేళ్ళు. బక్కపలచటి వాడు, పెద్ద పెద్ద చెవులు. చెప్పిన పాఠం రెండోసారి చెప్పనిచ్చేవాడు కాదు. పలక చెక్క వెనక మేకుతో తన పేరు తనే చెక్కుకున్నాడు. 'తో' మీది ఓత్వం కొంచెం ఎక్కువగా సాగింది. 'నీ చెవుల్లాగే ఉందిరా' అని మేష్టారు ఏడిపిస్తే సిగ్గుపడి పలక బోర్లించేవాడు. బడి ఎగ్గొట్టడమన్నది వాడికి తెలియదు. సీజనులో సీమోను బాతుల మందతో రెల్లులంకకు వెళ్ళి అక్కడే గుడిసె వేసుకుంటే మాత్రం, మేనమామతో పాటు వాడూ వెళ్ళక తప్పేది కాదు. లంకకూ పల్లెకూ మధ్య మైలు నీళ్ళు. సీమోను వీలైనప్పుడు పెద్ద దోనె మీద తెచ్చి దింపేవాడు. వీలుకానప్పుడు వాడికి బడి లేదు.

ముప్పై మూడు నవంబరులో పీకల మీదికి వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఇన్‌స్పెక్టరు ఉన్నమాట ముఖానే చెప్పి వెళ్ళాడు. 'మళ్ళీ నేను వచ్చిన రోజున హాజరు నలభై ఉండాలి. ఒక్కడు తక్కువైనా గుర్తింపు తీసేస్తాను. ఊరి బడికి మైలు దూరంలోనే ఉన్నారుగా.' ఊరి బళ్ళో పల్లె పిల్లలు అరుగు కింద ఎండలో కూర్చోవాలి. ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకూ తెలుసు, ఎలీయాజరుకూ తెలుసు. అందుకని పల్లె పిల్లలు అక్కడికి పోరనీ, మళ్ళీ బాతుల వెనకే పోతారనీ కూడా ఇద్దరికీ తెలుసు.

రేపు ఉదయం వస్తున్నామని గణపవరం నుంచి కబురొచ్చింది. ఎలీయాజరు ఆ మధ్యాహ్నమంతా ఇల్లిల్లూ తిరిగి లెక్క తేల్చుకున్నాడు. ముప్పై తొమ్మిది. జ్వరంతో మూలుగుతున్న వాణ్ణి కూడా దుప్పటి కప్పి పంపుతామన్నారు. అయినా ముప్పై తొమ్మిదే. నలభయ్యోవాడు తోమా. వాడు రెల్లులంకలో ఉన్నాడు.

సాయంత్రం గుడ్లు అమ్ముకోవడానికి పల్లెకు వచ్చిన సీమోనును గట్టు మీద పట్టుకున్నాడు.

"సీమోనూ, రేపు ఎనిమిదింటికల్లా తోమా బళ్ళో ఉండాలి."

"అలాగేనండి. కానీ తూర్పుగాలి పట్టింది చూడండి. గాలి తగ్గితే తెస్తాను."

"తగ్గితే కాదు. ఏం చేస్తావో నాకు తెలియదు, ఎలా పంపుతావో నాకు తెలియదు. వాడు రాకపోతే బడి లేదు. అర్థమైందా?"

మెత్తగా మాట్లాడే మనిషి ఎలీయాజరు. ఆ రోజు మాత్రం గొంతు పెంచాడు. సీమోను బిక్కముఖం వేసి "ఆయ్" అని దోనె ఎక్కాడు.

మర్నాడు ఎలీయాజరు చీకటి విడుతుండగానే బడికి వచ్చి చిమ్మి, నీళ్ళు చల్లి, రిజిస్టరు తీశాడు. ఆ కాలంలో హాజరు వేయడానికి పొద్దున ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దాని మీద అడ్డగీత. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి సిరా తడిగా ఉంటే అప్పటికప్పుడు నింపారని అనుమానిస్తారు. అందుకని తనిఖీ రోజున పిల్లలు రాకముందే గీతలు పెట్టి ఆరబెట్టడం పంతుళ్ళందరికీ ఉన్న అలవాటే. ఎలీయాజరు కూడా వరసగా పెట్టుకుంటూ పోయాడు. నలభయ్యో పేరు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. తలుపులోంచి చూస్తే కొల్లేటి మీద గాలికి రెల్లు ఒక పక్కకు వాలిపోయి ఉంది. వస్తాడులే అనుకున్నాడు. గీత పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు తొమ్మిదింటికి బండి దిగాడు. పిల్లలు లేచి దండం పెట్టారు. ఎక్కాలు అప్పజెప్పించాడు, వాచకం చదివించాడు, సంతోషించాడు. ఆ తర్వాత చేతికర్ర కొసతో ఒక్కొక్కరినీ చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. రిజిస్టరు కేసి చూసి, పిల్లల ముందు పంతులు పరువు తీయడం ఎందుకనో ఏమో, ఇంగ్లీషులో అడిగాడు, నలభయ్యోవాడు ఏడని.

ఎలీయాజరు గుమ్మం వైపు చూశాడు. ఆ గుమ్మంలోంచి తోమా అప్పుడే పరిగెత్తుకొస్తే ఎంత బాగుండునో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. వాడు రాలేదు. చివరికి తనూ ఇంగ్లీషులోనే చెప్పాడు. పొద్దున వచ్చాడండి, ఇప్పుడే కడుపునొప్పని బయటికి వెళ్ళాడండి.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "నన్ను చూసి కడుపునొప్పి తెచ్చుకునేవాడు ప్రతి బళ్ళోనూ ఒకడుంటాడు లెండి" అని, ఈసారి తెలుగులోనే అని, హాజరు నలభై అని రాసి, కింద సంతకం చేశాడు. పర్మనెంటు గుర్తింపుకు సిఫారసు చేస్తున్నానన్నాడు. ఎలీయాజరుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. బండి మలుపు తిరిగేదాకా గట్టు మీద చేతులు జోడించి నిలబడ్డాడు. పిల్లలకు సెలవిచ్చేశాడు.

మధ్యాహ్నం సీమోను వచ్చాడు, ఒక్కడే.

"తనిఖీ బాగా జరిగిందాండి? మావాడేడండి?"

"నన్నడుగుతావేంటి? నువ్వు తేలేదుగా!"

సీమోను ముఖం పాలిపోయింది. తెల్లారగట్ల గుడిసె మీద నక్క పడి బాతులు చెదిరిపోయాయట. అవి పోగుచేసుకోకుండా కదలడానికి లేదు. మేష్టారు చూస్తే అలా అన్నారు. వాడే, నేను వెళ్ళిపోతాను మామయ్యా, ఇవాళ ఇన్‌స్పెక్టరు వస్తాడు అని గోల పెట్టాడట. సీమోను చిన్న దోనె ఇచ్చి పంపేశాడు. అది రెల్లు పక్కన తిరగడానికి పనికొచ్చే దోనె. చీలికలో గుడ్డపీలికలు కుక్కి మట్టి మెత్తినది. నడి నీళ్ళలోకి ఎవరూ తీసుకెళ్ళరు.

ఇద్దరూ పెద్ద దోనె మీద వెళ్ళారు. ఎంతోసేపు వెతకనక్కర్లేకపోయింది. చిన్న దోనె రెల్లులో బోర్లా పడి ఉంది. దానికి పాతిక బారల దూరంలో తోమా. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చొక్కా లోపల, పలక తడవకుండా తువ్వాలుతో పొట్టకు బిగించి కట్టుకున్నాడు.

సీమోను వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుండె పగిలేలా ఏడ్చాడు. ఎలీయాజరుకు ఏడుపు రాలేదు. ఆయన చూపు ఆ పలక మీదే ఉంది. బడికి వస్తూ పోయినవాడి పొట్టమీద తప్ప పలక ఇంకెక్కడ ఉంటుంది? ఆ పలక చూసినవాళ్ళెవరికైనా వీడు పొద్దున బళ్ళో లేడని తెలిసిపోతుంది. వీడు బళ్ళో లేకపోతే నలభై లేదు. సంతకం అబద్ధం, గుర్తింపు అబద్ధం. ముప్పై తొమ్మిది మంది మళ్ళీ బాతుల వెనక. ఇదంతా ఆయన బుర్రలో వరసగా తిరిగింది. చనిపోయిన పిల్లవాడి ముందు కూర్చుని ఒక మనిషి ఇలా లెక్కలు కట్టగలడా అంటే, కట్టగలడు. కట్టాడు.

తువ్వాలు ముడి విప్పి పలక తీసి తన కండువాలో చుట్టుకున్నాడు.

"మా చెల్లికి ఏం చెప్పనండి?" అని సీమోను తల బాదుకున్నాడు. "ఆ చిల్లు దోనె ఇచ్చి ఒక్కణ్ణీ పంపానని ఎలా చెప్పనండి?"

"నువ్వు పంపలేదు" అన్నాడు ఎలీయాజరు. "తెల్లవారకుండానే పెద్ద దోనెలో తెచ్చి దింపి, వెనక కట్టుకొచ్చిన చిన్నది గట్టున వదిలావు. అందరికన్నా ముందు బడికొచ్చాడు. హాజరు వేశాను. నేను చిమ్ముకుంటుంటే చెప్పకుండా జారుకున్నాడు. దోనె వేసుకుని ఆడుకోవడానికి వెళ్ళాడు. అంతే."

సీమోను ఆయన ముఖంలోకి చూశాడు. ఆ మాట ఎవరిని కాపాడుతోందో అర్థం కావడానికి వాడికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తల ఊపాడు. ఇద్దరి తప్పూ ఒక్క పిల్లవాడి నెత్తిన వేశారు. వాడు కాదనలేడు కదా.

తాడేపల్లిగూడెం నుంచి సూరమ్మ మర్నాటికి వచ్చింది. చంకలో పిల్ల. పెద్దగా ఏడవలేదు. ఎలీయాజరు చెప్పిందంతా విని, ఒక్క మాట అడిగింది.

"చెప్పకుండా పోయాడాండి?"

"అవునమ్మా."

"నాకు ఒట్టేసి చెప్పాడండి, బడి మాననని."

సమాధుల దొడ్డిలో ఉత్తరం గోడ పక్కన తోమాను పూడ్చారు. ప్రార్థనలు చదివింది ఉపదేశిగా ఎలీయాజరే. సూరమ్మ ఆ సాయంత్రమే మిల్లుకు వెళ్ళిపోయింది. మళ్ళీ పల్లె ముఖం చూడలేదు.

బడి మాత్రం దశ తిరిగినట్టు పెరిగింది. గుర్తింపు కాగితం ఫిబ్రవరిలో వచ్చింది. ముప్పై నాలుగులో పాపారావు అనే రెండో పంతులు వచ్చాడు. ముప్పై అయిదులో, అంతకు ముందు బాతులు కాసేవాళ్ళు కరువవుతున్నారని సణిగిన నరసరాజుగారే, బడికి మెరక మీద అరెకరం ఇచ్చారు. ముప్పై ఆరులో ఏలూరు నుంచి ముగ్గురు సిస్టర్లు వచ్చి ఆడపిల్లలకు బోర్డింగు తెరిచారు. ముప్పై ఏడులో ఎనిమిదో తరగతి దాకా అనుమతి వచ్చింది. తాటాకు పాక పోయి పెంకుటిల్లు, పెంకుటిల్లు చాలక ఇటుక గోడల పొడుగాటి కొత్త భవనం, దాని నెత్తిన ఇటలీ నుంచి ఓడమీద వచ్చిన గంట. ఆ గంట మోగితే రెల్లులంకలో వినిపించేది. హాజరు రెండు వందలు దాటింది. దెందులూరు వైపు నుంచి కూడా పిల్లల్ని తెచ్చి చేర్చేవారు.

ఎలీయాజరు హెడ్‌మాస్టరయ్యాడు, జుట్టు నెరిసింది. నెలనెలా స్వాములవారి ముందు మోకరించి పాపసంకీర్తనం చేసేవాడు. కోపం తెచ్చుకున్నాననేవాడు, ప్రార్థనలో పరధ్యానంగా ఉన్నాననేవాడు. ఆ ఒక్కటీ నోట రాలేదు. రాకపోగా, తనిఖీ ఉన్నా లేకపోయినా తెల్లవారుజామునే రిజిస్టరు ముందేసుకుని అందరికీ గీతలు పెట్టుకునే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. రానివాళ్ళ గీత చుట్టూ తర్వాత సున్నా చుట్టేవాడు.

అంతకన్నా ఘోరం మరొకటి జరిగింది. పాపారావు మంచి కథకుడు. ఏటా బడి తెరిచిన రోజున కొత్త పిల్లల్ని కూర్చోబెట్టి తోమా కథ చెప్పేవాడు. 'అనగా అనగా ఇదే బళ్ళో తోమా అని ఒకడుండేవాడర్రా. మేష్టారు హాజరు వేయగానే గోడ దూకి పారిపోయాడు. ఏమయింది? కొల్లేరు మింగేసింది!' పిల్లలు బిగుసుకుపోయేవారు. నిజానికి ఆనాటి బడికి గోడే లేదు. కథకు గోడ అతనే కట్టుకున్నాడు. చూస్తూండగానే 'తోమాలా పోతావు జాగ్రత్త' అన్నది పల్లెలో తిట్టయిపోయింది. ఎలీయాజరు అది విన్న ప్రతిసారీ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. మానమని ఒక్కసారి చెప్పలేదు. ఎందుకు మానాలని అడిగితే ఏం చెబుతాడు?

నవంబరు రెండో తారీకు మృతుల పండుగ. పల్లె పల్లెంతా సమాధుల దొడ్డిలో చేరి, మట్టిదిబ్బలు అలికి, బంతిపూలు చల్లి, తమవాళ్ళ పేరున ఒక్కో కొవ్వొత్తి వెలిగించేవారు. ఉత్తరం గోడ పక్కన ఒక్క దిబ్బ మాత్రం గడ్డి మొలిచి అలాగే ఉండేది. సీమోను ఆ రోజు లంకలోనే ఉండిపోయేవాడు. ఎలీయాజరు వెలిగించవచ్చు. మేష్టారికి ఆ పిల్లవాడి మీద ఎందుకంత ప్రత్యేకం అని ఎవరైనా అడుగుతారేమోనని భయం. కొవ్వొత్తి వెలిగించడానికి కూడా భయపడ్డాడంటే ఆయన సంగతి అర్థం చేసుకోవచ్చు.

ముప్పై తొమ్మిది జూన్‌లో కొత్త భవనంలో బడి తెరిచారు. ఆ రోజు పదకొండింటికి ఆఫీసు గది గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. ధాన్యం దుమ్ముకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పక్కన ఆరేళ్ళ పిల్ల, పెద్ద పెద్ద చెవులు. ఆ చెవులు ఎవరివో ఎలీయాజరుకు వెంటనే తెలిసింది.

"బాగున్నారాండి మేష్టారండీ?" అంది సూరమ్మ. "దీని పేరు ఎలిజబెత్ అండి. బోర్డింగులో వేద్దామని తెచ్చాను. మీ బడి గురించి మా గూడెం మిల్లులో కూడా గొప్పగా చెప్పుకుంటున్నారండి."

పేరు రాసుకోవడానికి కలం తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి పాపారావు గొంతు వినిపించింది. "అనగా అనగా ఇదే బళ్ళో తోమా అని ఒకడుండేవాడర్రా..."

ఇద్దరూ విన్నారు. మొదటి నుంచి కొల్లేరు మింగేదాకా మొత్తం విన్నారు. ఎలీయాజరు లేచి వెళ్ళి అతని నోరు మూయించాల్సింది. లేవలేదు. సూరమ్మ తల వంచుకుని పిల్ల జుట్టు సవరిస్తూ నిలబడింది. కథ అయిపోయాక ముందుకు వచ్చి వంగి ఎలీయాజరు కాళ్ళు పట్టుకుంది.

"క్షమించండి మేష్టారండీ. మావాడు మీకెంత అప్రతిష్ఠ తెచ్చాడండి. మీ చేతుల్లో పెట్టి పోతే, మీ మాట జవదాటి మీ బడికి మచ్చ తెచ్చాడు. ఇన్నేళ్ళూ మీకు ముఖం చూపించలేకే రాలేదండి. మిల్లులో అందరూ మృతుల పండక్కి వెళ్తుంటారు. నేను వెళ్ళలేదండి. చెప్పిన మాట వినకుండా, ఒట్టు తప్పి చచ్చినవాడికి కొవ్వొత్తి ఎందుకన్నాను. ఒక్క ఏడన్నా వెలిగించలేదు. దీన్ని మాత్రం వదలకండి. ఆడపిల్ల అని చూడకండి. గోడ దిగితే కాళ్ళు విరగ్గొట్టండి."

ఎలీయాజరు కుర్చీలోంచి జారి ఆమె ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, గోడ బీరువా తాళం తీసి, రిజిస్టర్ల వెనకనుంచి కండువా మూట తెచ్చి ఆమె ముందు విప్పాడు. పలక. చెక్క నీళ్ళకు నాని ఉబ్బి పగిలింది. వెనక పేరు మాత్రం ఉంది. 'తో' మీది ఓత్వం సాగి ఉంది.

"వాడు బడి ఎగ్గొట్టలేదు, సూరమ్మా" అన్నాడు. "బడికి వస్తూ పోయాడు. ఇది పొట్టకు కట్టుకుని ఉన్నాడు. నేనే విప్పాను. ఆ రోజు నాకు నలభై మంది కావాలి. గాలి ఉందన్నా వినకుండా పంపమన్నాను. వాడు రాకముందే వచ్చాడని గీత పెట్టాను. తర్వాత ఆ గీత కోసం వాడే పారిపోయాడని చెప్పాను. నీకు కూడా అదే చెప్పాను."

ఆమె పలక మీద చెయ్యి వేసింది. వేలితో ఆ పేరంతా ఒకసారి తడిమింది. ఆమెకు చదవడం రాదు. అయినా అదేమిటో తెలిసింది.

"మా అన్నయ్యకు తెలుసాండి?"

"తెలుసు."

"ఊళ్ళో?"

"ఎవరికీ తెలియదు. ఇవాళే స్వాములవారికి రాస్తాను. ఇన్‌స్పెక్టరాఫీసుకు కూడా రాస్తాను. నన్ను తీసేసినా సరే, బడిని ఏం చేసినా..."

"అదంతా మీ బడి గొడవండి" అంది సూరమ్మ. గొంతు లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది ఎలీయాజరుకు. "నన్ను మోసం చేశారు, సరేనండి. కూలిదాన్ని, నన్ను ఎవరైనా చేస్తారు. కానీ నా బిడ్డని నా చేతే తిట్టించారండి. అయిదేళ్ళు తిట్టాను. కన్నతల్లి తిట్లు చచ్చినవాడికి తగులుతాయాండి మేష్టారండీ? మీరు చదువుకున్నారు, చెప్పండి."

ఆమె పలక కొంగులో చుట్టుకుని లేచింది. "గుళ్ళో కొవ్వొత్తులున్నాయాండి?"

"ఉన్నాయి."

"అయిదు ఇవ్వండి. ఏడాదికొకటి."

గుడి తాళం తీసి అయిదు కొవ్వొత్తులు తెచ్చి ఇచ్చాడు. వెంట రాబోతే చేతితో వద్దని వారించింది. మిట్టమధ్యాహ్నం, కొల్లేటి గాలి. గట్టు మీద నిలబడి దూరం నుంచి చూశాడు. ఆమె గడ్డి పీకి, చీర చెంగు అడ్డం పెట్టి ఒక్కొక్కటే వెలిగిస్తోంది. ఒకటి వెలిగేసరికి మరొకటి ఆరిపోతోంది. ఎలిజబెత్ చిన్న చేతులు రెండూ చాపి గాలికి అడ్డం పెడుతోంది. అయిదూ ఒకేసారి వెలిగేదాకా ఆ తల్లి అక్కణ్ణుంచి కదలలేదు.

ఇక పిల్లను తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాడు. పోలేదు. సాయంత్రం సిస్టర్ల దగ్గరికి వెళ్ళి పిల్లను బోర్డింగులో అప్పగించి, సీమోను గడప తొక్కకుండానే గూడెం బండెక్కింది. మిల్లు కల్లంలో ఆరేళ్ళ పిల్లను ఎవరి దగ్గర పెట్టుకుంటుంది? తనకు ఇంకో బడి లేదని ఆమెకు తెలుసు. అది తెలిసి ఎలీయాజరు మరింత కుంగిపోయాడు.

మర్నాడు ఆయన పెందలాడే బడికి వచ్చాడు. స్వాములవారికి రాసిన ఉత్తరం జేబులో ఉంది. టపా మనిషి వచ్చేది తొమ్మిదింటికి. ఇంకా ఎవరూ రాలేదు. అలవాటు కొద్దీ రిజిస్టరు తెరిచి, కలం సిరాలో ముంచి, మొదటి పేరు దగ్గర పెట్టబోయాడు.

"మేష్టారండీ."

గుమ్మంలో ఎలిజబెత్. తల దువ్వుకుని, నడుముకు అన్న పలక తువ్వాలుతో కట్టుకుని ఉంది. తల్లి ఇచ్చి వెళ్ళినట్టుంది.

"ఏంటమ్మా?"

పిల్ల అప్పజెప్పినట్టుగా గబగబా చెప్పింది. "నేను రాకముందు నా పేరు దగ్గర గీత పెట్టొద్దని మా అమ్మ చెప్పమందండి. నేనున్నానో లేదో నన్ను చూసి అప్పుడు పెట్టాలంటండి. రోజూనండి."

ఎలీయాజరు కలం కింద పెట్టాడు. తలెత్తి ఆ పిల్లను చూశాడు. ఆయన నిజంగా చూస్తున్నాడని నమ్మకం కుదిరేదాకా ఎలిజబెత్ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి కూర్చుంది.